పారబోయని నాలుగు మిల్లీలీటర్లు

"ఒరేయ్ తమ్ముడూ, ఉప్పు కావాలని చెప్పు."

ఉప్పు సీసా చిన్నకోడలి మోచేతి పక్కనే ఉంది. బావగారు ఆమెకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు. చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా ఆయన తమ్ముడితో చెప్పారు. తమ్ముడు పెళ్ళాం వైపు తిరిగి, "అన్నయ్యకి ఉప్పు కావాలట" అన్నాడు. ఆమె సీసా తీసి మొగుడి చేతికిచ్చింది, అతను అన్నగారి చేతికిచ్చాడు. బుధవారం నుంచి ఈ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ బల్ల మీద ప్రతి గిన్నే ఇలాగే ప్రయాణం చేస్తోంది.

"ఆవిడగారిని అడగరా," అన్నారు బావగారు ఉప్పు చల్లుకుంటూ. "ఈ ఉప్పులో ఉప్పెంత శాతం ఉందో పరీక్ష చేసిందేమో. నేను తిన్నాక ఫెయిల్ అంటే కష్టం."

"బావగారికి చెప్పండి," అంది చిన్నకోడలు మొగుడి వైపే చూస్తూ. "ఉప్పు నేను తయారు చెయ్యలేదు. చేసినవాళ్ళనే అడగమనండి."

మధ్యలో కూర్చున్న ఆ మగమనిషి అటొకసారి, ఇటొకసారి చూసి, తన కంచంలోకి చూసుకున్నాడు. బడిలో నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టే మాస్టారు ఇంట్లో ఈ ఇద్దరి మధ్య పోస్టుమాన్ అయిపోయాడు.

తోడికోడలు కూర గిన్నెను ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఫ్యాక్టరీ గొడవ గేటు దగ్గర వదిలేసి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు కదా! దిగేటప్పుడు ఆ సీసాల గోల సీటు కింద పారేసి దిగలేరూ?"

"ఒకే బస్సులో ఎక్కడొస్తున్నారు వదినా? అన్నయ్య మూడు రోజులుగా పొద్దున అరగంట ముందు బస్సు పట్టుకుంటున్నాడు."

"అరగంట ముందెళ్ళి ఏం చేస్తారండీ అక్కడ?"

బావగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. జవాబు చెప్పే ఉద్దేశం లేనప్పుడు ఆయన నోట్లో ఎప్పుడూ ముద్ద ఉంటుంది.

అరగంట ముందెళ్ళి ఆయన ఏం చేస్తారో చిన్నకోడలికి తెలుసు. గోడౌన్‌లో ఎర్ర చీటీ అంటించి, తాడు కట్టి విడదీసిన మూల దగ్గర నిలబడి, తొమ్మిది వేల సీసాల వంక చూస్తారు. వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. కానీ సయించడం లేదని ఎవరితో అంటుంది? ఆ ఎర్ర చీటీ అంటించింది తనే.

పశువులకి వేసే సూదిమందు అది. పొదుగు వాచినా, ఊపిరితిత్తులకి జబ్బు చేసినా వేస్తారు. నూనెలో కలిపిన మందు, పాలలా తెల్లగా ఉంటుంది. దాన్ని తయారు చేసి సీసాల్లో నింపే విభాగానికి బావగారు పెద్ద. సీసాలు గేటు దాటే ముందు అందులో మందు ఉండాల్సినంత ఉందో లేదో చూసే ల్యాబ్‌లో చిన్నకోడలు పని చేస్తుంది. సీసా మీద రాసిన మోతాదును వంద అనుకుంటే, లోపల ఉన్నది తొంభైకి తగ్గకూడదు, నూట పది దాటకూడదు. బుధవారం నాడు ఆమెకి ఎనభై ఆరు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

బావగారి చేతి మీదుగా ఇరవై రెండేళ్ళలో ఒక్క బ్యాచ్ కూడా పోలేదు. మొదటిసారి పోతున్నది మరదలి సంతకంతో. రేపు పదకొండు గంటలకి ల్యాబ్ మేడమ్ ఆఖరి కాగితం మీద సంతకం పెడితే తొమ్మిది వేల సీసాలూ పారబోతకే.

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు," అంది తోడికోడలు కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇంకోసారి పరీక్ష చేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమేంటి? కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అనుమానమొస్తే నేను రెండోసారి రుచి చూడనా?"

"అలా చెయ్యకూడదక్కా. ఎందుకు తప్పిందో తెలీకుండా మళ్ళీ మళ్ళీ చేసి, పాసయినప్పుడు మాత్రం రాసుకుంటే, అది పరీక్ష కాదు, లాటరీ. ముందు కారణం దొరకాలి."

"కారణం వాళ్ళ దగ్గరే ఉందేమో వెతుక్కోమనరా," అన్నారు బావగారు గోడ గడియారంతో.

"వెతికామని చెప్పండి. తూకం సరిగ్గానే ఉంది. గాజు సామాను శుభ్రంగా ఉంది. మెషిన్‌కి ఏ రోగమూ లేదు. ఇంక ఉంటే గింటే వాళ్ళ ట్యాంకులోనే ఉండాలి."

"మా ట్యాంకులో ఏమీ లేదు! ఆరు డబ్బాల మందు నా కళ్ళ ముందు తూచి, నా కళ్ళ ముందే వేశారు!"

ఇంతసేపూ తలొంచుకుని తింటున్న మామగారు అప్పుడు తల ఎత్తారు. ముప్ఫై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవులు తన్నిన తన్నులకి ఎడమ మోకాలు వంగదు, మాట మాత్రం అంతకంటే వంగదు.

"ఇద్దరూ బుద్ధిమంతులే. ఇద్దరి దగ్గరా ఏమీ దొరకలేదు. మరి వందలో పద్నాలుగు వంతుల మందు ఎక్కడికి పోయిందిరా? గేదె వచ్చి తాగిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి చిన్నకోడలు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

"నవ్వాటకి అనడం లేదు," అన్నారు మామగారు. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పలచటి మందు సీసాలు కొన్ని వచ్చాయి. నాకు తెలీదు. మూడు రోజులు వరసగా ఒక ఆవుకి సూది వేశాను. మూడో రోజు అది నా చేతుల్లోనే పోయింది. ఆ ఇంటివాళ్ళు నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అందుకని అమ్మాయి ఫెయిలంటే నేను తప్పు పట్టను. అలాగని పెద్దాడు మందు తక్కువ వేశాడన్నా నమ్మను. భోజనాలయ్యాక ఎవరూ లేవకండి. వాడెలా చేశాడో చేసి చూపిస్తాడు. అమ్మాయి ఎలా పరీక్షించిందో చేసి చూపిస్తుంది. ఈ బల్ల మీదే."

"నాటకమా నాన్నగారూ?" అన్నాడు చిన్నకొడుకు ఉత్సాహంగా.

"నాటకమే. నువ్వు ఎక్కువ మాట్లాడితే నీకూ ఒక వేషం ఇస్తాను."

బల్ల తుడిచారు. బావగారి ముందు పెద్ద గిన్నె, గరిటె, మందుకి బదులు పిండి పెట్టారు. నూనె దగ్గర పేచీ వచ్చింది.

"నీళ్ళు పోసుకోండి చాలు, నటనే కదా," అంది తోడికోడలు నూనె సీసా వెనక్కి లాక్కుంటూ.

"నీళ్ళలో కలిపితే అది వేరే మందే!"

"మీ గోడౌన్‌లో తొమ్మిది వేల సీసాలు మురిగిపోతున్నది చాలక, ఇక్కడ నా నూనె కూడానా?"

చివరికి అరకప్పు నూనెకి రాజీ కుదిరింది.

బావగారు చొక్కా చేతులు మడిచారు. మొదట్లో విసుగ్గానే మొదలుపెట్టారు కానీ, పిండి చేతికి తగలగానే మనిషి మారిపోయారు. కాగితం మీద పిండి పోసి, గిన్నెలోకి వంచి, కాగితాన్ని వేలితో మూడుసార్లు తట్టారు. మడతలో మిగిలిన పిసరంత పిండిని కూడా వేలి కొసతో దులిపారు. గరిటె ఒకే వేగంతో తిప్పుతూ, అడుగున ఉండ కట్టిందేమో వంగి చూశారు. చుట్టూ నలుగురు చూస్తున్నారన్న సంగతే ఆయనకి గుర్తు లేదు.

చిన్నకోడలు పదేళ్ళుగా ఒకే గేటులోంచి లోపలికి వెళ్తున్నా బావగారు పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. చూశాక ఆమెకి సిగ్గేసింది. ఈ మనిషి పద్నాలుగు వంతులు తక్కువ వేస్తాడని తను కాగితం మీద దాదాపుగా రాసేసింది.

"నా వంతయింది," అన్నారు బావగారు, ఇంటి పైకప్పుతో.

"ఇప్పుడు నువ్వమ్మా," అన్నారు మామగారు.

ఆమె ముందుగా మొగుడి భుజాలు పట్టుకుని బల్ల చివర కుర్చీలో కుదేసింది. "ఈయన మెషిన్. నేనిచ్చింది నోట్లో పోసుకుని కదలకుండా కూర్చోవాలి. ఏడో నిమిషంలో ఒక్కసారి నోరు తెరవాలి. మిగతా టైములో ఉలుకూ పలుకూ ఉండకూడదు."

"పెళ్ళయినప్పట్నుంచీ నేను చేస్తున్నదదే కదా!"

తోడికోడలు పకపకా నవ్వింది. బావగారి మీసం కూడా కదిలింది కానీ, ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ ఏడు నిమిషాలూ లోపల ఏం జరుగుతుందమ్మా?" అని అడిగారు మామగారు. ఎన్ని సీసాలు వాడారో కానీ, ఆయనకీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"లోపల ఒక సన్నటి ఉక్కు గొట్టం ఉంటుంది మామయ్యగారూ. జానెడు ఉంటుందేమో. దాని నిండా పిండికంటే మెత్తటి పొడి దట్టించి ఉంటుంది. మన మందు చుక్కని ఒక ద్రావకంతో కలిపి అందులోంచి గట్టిగా తోస్తాం. బజారు వీధిలో జనం నడిచినట్టే అది. కొంతమంది దేన్నీ చూడకుండా నడిచి ముందే బయటపడతారు. కొంతమంది ప్రతి కొట్టు దగ్గరా ఆగుతారు."

"వదినలాగా," అన్నాడు మెషిన్.

"నువ్వు నోరు తెరవకూడదు!" అంది తోడికోడలు.

"అలా ఒక్కో పదార్థం ఒక్కో టైముకి బయటికొస్తుంది. మన మందు ఏడో నిమిషానికి వస్తుంది. అప్పుడు తెర మీద గీత గుట్టలా పైకి లేస్తుంది. దాన్ని పీక్ అంటాం. ఆ పీక్ ఎంత పెద్దదో కొలిస్తే మందు ఎంతుందో తెలుస్తుంది. ఎంతుందో ముందే తెలిసిన అసలు మందుని కూడా పక్కన నడిపించి, రెండూ పోల్చి చూస్తాం."

ఆమె చేతులు మాటకంటే ముందు నడుస్తున్నాయి. బావగారి గిన్నెలోంచి ఒక సీసాలోకి పోసింది. సీసాని తలకిందులు చేస్తూ లెక్కపెట్టి ఊపింది. చెంచాడు తీసి గ్లాసులో నీళ్ళకి కలిపింది. "ఇది నీళ్ళు కాదు, నూనెని విడగొట్టే ద్రావకం అనుకోండి. ఇందులో మందు కరిగిపోతుంది. కరగని మురికి ఆ గొట్టానికి అడ్డం పడకుండా ఫిల్టరులోంచి వడగడతాం." టీ వడకట్టే జాలిలో పల్చటి కాగితం పరిచి పోసింది. కిందకి దిగిన మొదటి కాసిని చుక్కల్ని పక్కనున్న పాత కప్పులో పారబోసి, ఆ తర్వాత దిగేదానికి చిన్న గ్లాసు పెట్టింది.

"ఆగు!"

అందరూ ఉలిక్కిపడ్డారు. అరిచింది బావగారు. గడియారంతో కాదు, పైకప్పుతో కాదు, సూటిగా మరదలి మొహంలోకి చూసి.

"అంతేనా నువ్వు పారబోసేది?"

"మాట్లాడారు!" అంది తోడికోడలు రెండు చేతులూ ఎత్తి. "అమ్మయ్య, ఈయన మాట్లాడారు!"

"నువ్వుండవే! చెప్పమ్మా. ల్యాబ్‌లో కూడా అంతేనా?"

"అంతే బావగారూ. ఒక్క మిల్లీలీటరు."

"ఒకటేంటి? మొదటి అయిదు పారబోయాలి కదా! ఆ పద్ధతి కాగితం రాసింది నేనే. నా ఉద్యోగం మొదలయింది మీ ల్యాబ్‌లోనే. వారం రోజులు తల బద్దలు కొట్టుకుని మరీ రాశాను ఆ అయిదు."

"అవి పాత ఫిల్టర్లు బావగారూ. అయిపోయాయి. ఇప్పుడు కొత్తవి తెప్పించాం, ఇంకా చిన్నవి. ఒక్క మిల్లీలీటరు పారబోస్తే చాలని వాటి పెట్టె మీదే రాసుంది."

"ఆ పెట్టె మీద రాసినవాడు మన నూనె మందు మొహం ఎప్పుడైనా చూశాడా?"

చిన్నకోడలి చేతిలో జాలి అలాగే ఉండిపోయింది. కాగితం కొసనుంచి చుక్కలు బల్ల మీద పడుతున్నా ఎవరూ తుడవలేదు.

"ఆ ఫిల్టరు పొర ఈ మందుని పట్టేసుకుంటుందమ్మా," అన్నారు బావగారు, గొంతు తగ్గించి. "దాని కడుపు నిండేదాకా పట్టుకుంటూనే ఉంటుంది. నిండాక వదులుతుంది. అందుకే మొదటి అయిదూ వదిలేసి, ఆ తర్వాత దిగేది తీసుకోమన్నాను. నువ్వు ఒకటే వదిలేస్తే, మందు తగ్గి దిగిన ఆ మిగతా నాలుగు మిల్లీలీటర్లూ నీ లెక్కలోకి వస్తాయి. మందు నా ట్యాంకులోనే ఉంది. నీ ఫిల్టరు తినేసింది."

"అయిదు రోజుల్లో ఈ మాట ఒక్కసారి అడిగుంటే తేలిపోయేది కదరా!" అన్నారు మామగారు.

"వాళ్ళ గుమ్మం దాటనిస్తే కదా నాన్నగారూ!"

"మీరు నాతో మాట్లాడితే కదా బావగారూ!"

"నేనింక నోరు తెరవచ్చా?" అన్నాడు మెషిన్.

నవ్వులు మొదలయ్యాయి. బావగారైతే కుర్చీ వెనక్కి వాలి, అయిదు రోజుల నవ్వు ఒక్కసారే నవ్వేశారు. కప్పు మీద కప్పు టీ తాగారు. చిన్నకోడలు నవ్వలేదు. అది ఆయనే గమనించారు.

"ఏమ్మా?"

"ఏ కొత్త సామాను వచ్చినా, ఇది పాతదానికి సమానమేనా అని చూసి ఒక కాగితం రాస్తాం. నీళ్ళ మందులతో చూశాను, బాగానే ఉంది. నూనె మందుతో చూడలేదు. సమానమే అని సంతకం పెట్టేశాను. ఆ సంతకం నాదే బావగారూ."

ఆమెని తేలికపరుద్దామని మొగుడే ముందుకొచ్చాడు. "దానికేముంది? రేపు అయిదు పారబోసి చేసెయ్. పాసవుతుంది. సంతకం సంగతి ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. అందుకే నేనే చెప్పాలి. ముందు నేనేం చేశానో రాసివ్వాలి. ఆ తర్వాత అదే కారణమని నిరూపించాలి. అప్పుడే మళ్ళీ పరీక్ష. ఇప్పటికిది బావగారి ఊహే. తప్పు కూడా కావచ్చు."

"నా ఊహ తప్పట!" అన్నారు బావగారు కళ్ళెగరేసి. కానీ ఆ మాటలో కోపం లేదు. లేచి వెళ్తూ మరదలి కుర్చీ దగ్గర ఆగారు. "రేపు నా బస్సుకే రా అమ్మా. దారిలో ఆ కాగితం ఎలా రాయాలో మాట్లాడుకుందాం. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయడం నాకు బాగా తెలుసు. మీ అక్కని అడుగు."

సోమవారం పొద్దున చిన్నకోడలు రాసిచ్చిన రెండు పేజీలు ల్యాబ్ మేడమ్ రెండుసార్లు చదివింది. ఈ మేడమ్‌కి కళ్ళజోడు ముక్కు మీద కంటే నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటుంది. అది కిందకి దిగిందంటే విషయం ముదిరిందని అర్థం. ఇప్పుడు దిగింది.

"ఈ సంగతి ఇంట్లో ఎలా తట్టింది?"

"టీ జాలితో మేడమ్."

"సరే. అది మాత్రం ఇందులో రాయకు."

ఒకే సీసాలోంచి మూడు నమూనాలు తీశారు. మొదటిది కొత్త ఫిల్టరులో వడగట్టి ఒక్క మిల్లీలీటరు పారబోశారు. రెండోది అదే ఫిల్టరులో అయిదు పారబోశారు. మూడోదానికి అసలు ఫిల్టరే లేదు, గిర్రున తిప్పే మెషిన్‌లో పెట్టి మురికిని అడుగుకి దింపేసి, పైన తేరిన ద్రవం తీసుకున్నారు. మూడూ వరసగా మెషిన్ ఎక్కాయి.

మొదటి పీక్ లేచింది. ఎనభై ఆరు. ఎర్ర చీటీ అంకె చెక్కు చెదరలేదు.

రెండోది తొంభై ఏడు.

మూడోదాని ఏడో నిమిషం వచ్చేసరికి ల్యాబ్‌లో ఉన్నవాళ్ళంతా చిన్నకోడలి కుర్చీ వెనక చేరారు. గీత లేచింది, లేచింది, ఇంకా లేచింది. తొంభై తొమ్మిది.

ఆమె కళ్ళు చెమర్చాయి. తన తప్పు రుజువైనందుకు ఇంత సంతోషపడే మనిషి ఈ లోకంలో ఎక్కడైనా ఉంటుందా అనిపించి, తనకే నవ్వొచ్చింది. పరిగెత్తినట్టే బయటికి వెళ్ళింది.

బావగారు ల్యాబ్ తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన పెద్ద ఫ్లాస్కు నిండా టీ. ల్యాబ్ వాళ్ళందరికీ తెచ్చారు.

"తొంభై తొమ్మిది బావగారూ!"

ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని, వెంటనే ఫోను తీసి ఇంటికి చేశారు. "ఏమే, తొంభై తొమ్మిది! ఆఁ, మన అమ్మాయే తేల్చింది. నాన్నగారికి చెప్పు. ఆ నూనె అరకప్పూ నేను తెచ్చిస్తాను, సణగకు!"

"ఒకసారి లోపలికి రా," అని మేడమ్ పిలిచింది.

చిన్నకోడలు నవ్వుతూనే వెళ్ళింది. మేడమ్ నవ్వడం లేదు. ఆమె ముందు రిజిస్టరు తెరిచి ఉంది, కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"ఈ ఫిల్టర్లు వచ్చి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు మేడమ్."

"ఈ మూడు వారాల్లో నూనె మందు ఇంకే బ్యాచ్ చూశావు?"

"ఒకటే. దీనికి ముందుది. అది పాసయింది మేడమ్. నూట నాలుగు..."

మాట మధ్యలోనే ఆమె లెక్క వేసుకుంది. ఫిల్టరు ఒక్క బ్యాచ్ మందే తిని ఊరుకోదు. దీంట్లో పదమూడు తింటే దాంట్లోనూ పదమూడు తినే ఉంటుంది. నూట నాలుగుకి పదమూడు కలిపితే నూట పది ఎక్కడో కింద ఉండిపోయింది.

"అది ఎక్కడుంది ఇప్పుడు?"

"పోయిన వారమే లారీ ఎక్కింది."

"సీసా మీద ఏం రాశాం? సూది వేశాక అయిదు రోజుల పాలు వాడొద్దని. ఆ అయిదు మనం వందకి కట్టిన లెక్క. మందు అంత ఎక్కువుంటే అయిదు రోజులు చాలవు. ఆరో రోజు పాలు ఎవరో ఒకరి పిల్లలు తాగుతారు." మేడమ్ రిజిస్టరు మూసింది. "ప్రతి బ్యాచ్‌లోంచీ తీసి దాచిన సీసాలు ఉన్నాయిగా. తీసి, ఫిల్టరు లేకుండా ఇప్పుడే చెయ్యి. ముందు వెళ్ళి మీ బావగారిని అడుగు, ఆ బ్యాచ్‌లో ఎక్కువ పడే అవకాశం ఏమైనా ఉందేమో."

ఆమె మళ్ళీ బయటికొచ్చింది. బావగారు ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు.

"రా అమ్మా, ముందు నువ్వు తాగు."

"బావగారూ, దీనికి ముందు బ్యాచ్ కూడా ఆ ఫిల్టరుతోనే చేశాను."

ఆయన చెయ్యి మూత మీదే ఆగింది. లెక్కలో ఆయన ఎప్పుడూ తనకంటే చురుకే. "నూట పదిహేడు," అన్నారు నెమ్మదిగా.

"ఇంకా తేలలేదు. మీరు ఎక్కువ వేసే మనిషి కాదని నాకు తెలుసు. నిన్న చూశాను కదా, పిసరు పిండి కూడా... మీ వైపు అలా జరిగే వీల్లేదని చెప్పండి, మేడమ్‌కి అదే చెప్తాను."

బావగారు ఫ్లాస్కు పక్కన పెట్టారు. నిన్నటి పేచీల్లో ఆయన మొహం ఎన్ని రకాలుగా మారినా, ఇలాంటి మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆ రోజు మందు వేస్తుండగా మధ్యలో కరెంటు పోయింది," అన్నారు. "వచ్చాక ఎన్ని డబ్బాలు వేశామో నాకూ, నా పక్కవాడికీ మాట తేడా వచ్చింది. ఆరు వెయ్యాలి. వాడు ఇంకోటి వెయ్యాల్సి ఉందన్నాడు, నేను సరేనన్నాను. మర్నాడు చూస్తే తర్వాతి బ్యాచ్‌కి తూచి పెట్టిన ఆరు డబ్బాల్లో అయిదే ఉన్నాయి. స్టోరు వాళ్ళ పొరపాటనుకుని ఇంకోటి తెప్పించాను. అనుకున్నాను కానీ, మనసు ఒప్పుకోలేదమ్మా."

ఆరుకి ఏడు. ఆమె వద్దనుకుంటున్నా లెక్క దానంతటదే తేలింది, నూట పదిహేడు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు బావగారూ?"

"చెబుదామనే ఆ సాయంత్రం ఇదే తలుపు దాకా వచ్చాను. నువ్వు అద్దం అవతల నుంచి కాగితం ఎత్తి చూపించావు. నూట నాలుగు, పాస్." ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు. "నీ లెక్క ఎప్పుడూ తప్పదు కదా తల్లీ. అందుకే నా అనుమానాన్ని నేనే నోరు మూయించి ఇంటికొచ్చేశాను."